మైల అంటని బండి

మా వాకిట్లో నిలబడిన ఎర్ర కారును చూసి కొత్తవాళ్లు మేమేదో కలిగినవాళ్లమనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ బండి మా ఇద్దరి రక్తం తాగినట్టు ఇంకే బండీ ఎవరి రక్తమూ తాగి ఉండదు. పేరుకు స్పోర్ట్స్ కారు. పైన రేకు లేదు, గుడ్డ టాపు. బటన్ నొక్కితే దానంతట అదే వెనక్కి మడుచుకోవాలట. మా చేతికి వచ్చేనాటికే ఆ బటన్ చచ్చి ఊరుకుంది, చేత్తోనే మడవాలి. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక సీటు మాత్రం బొమ్మలకు చేసినట్టుంటుంది. అడుగుభాగం నేలకు ఆనుతుందేమో అన్నంత కిందికి ఉంటుంది కాబట్టి, మా ఊరి నుంచి బోగోలు పోయే దారిలో ప్రతి గుంతకూ నా గుండె జారిపోతుంది.

నేను దాన్ని సవతి అని పిలిచేదాన్ని. మా ఆయన హజరత్తయ్య నవ్వేవాడు. "సవితికి ఎవురన్నా ఇంత చాకిరీ చేస్తారా శేషా?" అనేవాడు. నా పేరు వెంకటశేషమ్మ. అంత పేరు పిలిచే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు.

ఆయన నరేంద్రబాబు అనే రొయ్యల చెరువుల ఆసామి దగ్గర డ్రైవరు. రొయ్యకు మంచి ధర ఉన్న రోజుల్లో ఆ బాబు కళ్లు నెత్తికెక్కి చెన్నై నుంచి ఈ కారు తెప్పించుకున్నాడు. తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులు వరసగా పోయాక అన్నీ అమ్ముకుని హైదరాబాదు వెళ్లిపోయాడు. ఈ కారును మాత్రం కొనేవాడు దొరకలేదు. పోతూ పోతూ మా ఆయన పేరున రాసిచ్చాడు. "నువ్వైతే దీన్ని బతికిస్తావు హజరత్తూ" అన్నాడట. ఆ ఒక్క మాటకు మా ఆయన పొంగిపోయి ఇంటికొచ్చాడు. నేను ఆరోజు పొయ్యి వెలిగించలేదు.

తర్వాత అదే మాకు అన్నం పెట్టింది, కాదనను. కావలి చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపులకు టాపు తీసిన కారు కావాలని కుర్రకారు పట్టుబట్టే రోజులు వచ్చాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వెనక సీటు వీపు మీదికెక్కి కూర్చుంటారు, ముందు బ్యాండు మేళం, చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనం. ముహూర్తాలున్న నెలల్లో వచ్చిన కిరాయితో ముహూర్తాలు లేని నెలలు గడవాలి. మిగతా రోజుల్లో బండి షెడ్డులో కూర్చుని తింటుంది.

పెళ్లి బండికి ఒకటే కట్టుబాటు. అందులో చావు జరగకూడదు. ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు గానీ ఈ పక్క అందరికీ తెలుసు. అల్లూరు వైపు ఒకాయన దగ్గర పెళ్లిళ్లకు తిప్పే గుర్రబ్బగ్గీ ఉండేది. రోడ్డు మీద లారీ గుద్దిన మనిషిని పాపమని అందులో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తించాడు. మనిషి దారిలోనే పోయాడు. ఆ తర్వాత ఆ బగ్గీని ఒక్కరంటే ఒక్కరు పిలవలేదు. ఇప్పుడు అందులో కోళ్లు పడుకుంటున్నాయి. మా ఆయన ఆ బగ్గీని కళ్లారా చూసి వచ్చాడు. అప్పటి నుంచి నొప్పులొచ్చి నీళ్లాడబోయే మనిషినీ, ముసలివాళ్లనీ, జ్వరం మనిషినీ మా బండి ఎక్కనిచ్చేవాడు కాదు. ఎంతమందితో మాటపడ్డామో చెప్పలేను.

ఇక దానికి చేసే ఊడిగం. సముద్రం గాలి ఇనుమును ఊరికే వదలదు. రొయ్యల చెరువులు వచ్చాక మా బోరు నీళ్లు కూడా ఉప్పు తేలాయి. ఆ నీళ్లతో కడిగితే అడుగు రేకు అప్పడంలా విరిగిపోతుందని, తాగే నీళ్ల క్యాన్లు కొని దాన్ని కడిగేవాళ్లం. వీధిలో ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవాళ్లు. తిప్పుకోరా మరి, వాళ్ల పిల్లలకే సరిగా లేని నీళ్లతో మేము ఇనుముకు తలంటు పోస్తుంటే.

అద్దాల చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగులుతోందని మా ఆయన ఒకసారి తలకు రాసినట్టు కొబ్బరినూనె రాశాడు. తెలివి. మర్నాటికి ఎలుకలు వచ్చి రబ్బరుతో పాటు టాపు అంచు కూడా కొరికి పెట్టాయి. అప్పటి నుంచి నూనె మానేసి చెమటకాయల పౌడరు రాయడం మొదలుపెట్టాం. చిరిగిన టాపును కుట్టింది నేనే. పక్కింటతని పేరు సమాధానం. వలలు బాగుచేసుకుంటాడు, మాకు తమ్ముడి లాంటివాడు. అతని దగ్గర సూదీ నైలాను దారమూ తెచ్చుకుని కూర్చున్నాను. వెనక అద్దం పసుపుపచ్చగా మాసిపోతే, టేబుళ్ల మీద పరిచే మందపాటి ప్లాస్టిక్ షీటు కత్తిరించి అతికించాం. కంపెనీ టాపు తెప్పించాలంటే ఇల్లు అమ్మాలి.

తిరగని బండి తిరిగే బండి కన్నా తొందరగా చస్తుందని మా ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టడం, ప్రతి ఆదివారం తగిలించి ఇంజను ఆడించడం, టైరు ఒకేచోట నొక్కుకుపోకుండా బండిని రవ్వంత ముందుకూ వెనక్కూ జరపడం. ఆ జరపడంలోనే నాకు డ్రైవింగు వచ్చింది. ముందు వాకిట్లో, తర్వాత చెరువు కట్టల మీద, తర్వాత రోడ్డెక్కాను. షుగరు వచ్చి ఆయన చూపు మందగించాక ఊరేగింపులకు నేనే తోలడం మొదలుపెట్టాను. నడిచే జనం వెనక నడక మీద పోవాలి కాబట్టి ఇంజను కాగిపోతుంది. అప్పుడు కారు లోపల హీటరు పూర్తిగా పెట్టాలి, ఇంజను వేడి అందులోకి లాక్కుంటుంది. ఆ వేడంతా నా పాదాల మీదికి కొట్టేది. పైన అక్షింతలు, కింద నిప్పులు. దిగేటప్పుడు పెళ్లివారి ఆడవాళ్లు బొట్టుపెట్టి రవికెల గుడ్డ చేతిలో పెట్టేవాళ్లు. అది నాకు బాగుండేది, అబద్ధం చెప్పను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మర్నాడు కావలిలో ఊరేగింపు ఉందని, వాన పడుతున్నా బండిని కడిగి తుడిచి షెడ్డులో పెట్టాం. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా ఆయన వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. గోడకు కొట్టే వాన జల్లు మొహాన పడుతున్నా తుడుచుకోవడం లేదు.

"శేషా, రొమ్ము మీద ఎవురో కూచున్నట్టుండాది" అన్నాడు.

చెమట చూశాను. వాన చలిలో అంత చెమట. ఎడమ చెయ్యి ఒళ్లో పడేసి ఉంది. నేను అంబులెన్సుకు ఫోను చేశాను. వస్తున్నామనీ, రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి కాబట్టి ఆలస్యమవుతుందనీ చెప్పారు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. షెడ్డులోకి పోయి బ్యాటరీ వైరు తగిలించి బండిని వరండా దగ్గరికి తెచ్చాను.

"లే. ఎక్కు."

"వద్దు."

"ఏంది వద్దు?"

"అంబులెన్సు వస్తాది గదా. ఉంటా. బండిలో వద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ మొహం చూసుకున్నావా అద్దంలో? లేస్తావా లేదా?"

"అందులో నాకేమన్నా అయితే రేపట్నించి దాన్ని ఎవుడు పిలస్తాడు? నువ్వేం తిని బతకతావు?"

"ముందు నువ్వు బతుకు. నా సంగతి తర్వాత."

"నీ సంగతే చెప్తా ఉండా" అన్నాడు. స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. చిన్నపిల్లవాడు బడికి పోనని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

నేను తిట్టాను. నోటికి వచ్చినవన్నీ తిట్టాను. వేళ్లు ఒక్కొక్కటీ విడదీస్తుంటే మళ్లీ పట్టుకునేవాడు. నా కేకలకు సమాధానం వాన గోనె నెత్తిన వేసుకుని పరుగెత్తి వచ్చాడు. "అన్నా, ఇదేందన్నా ఈ పంతం. ప్రాణం కన్నా ఎక్కువా బండి?" అన్నాడు. చివరికి ఇద్దరం కలిసి ఎత్తి ముందు సీట్లో కూలేశాం. సమాధానం వెనక ఆ బొమ్మల సీట్లో మడుచుకుని కూర్చున్నాడు. ఆ స్తంభం దగ్గర ఎంతసేపు పోయిందో నాకు తెలియదు. ఇప్పటికీ పనులు చేసుకుంటూ చేసుకుంటూ ఆ సేపును మనసులో కొలుస్తాను.

దారికి రెండు వైపులా చెరువులు నిండి కట్టలతో సమానంగా ఉన్నాయి. రోడ్డేదో నీళ్లేవో తెలియడం లేదు. నేను హారను మీద చెయ్యి తీయకుండా పోతున్నాను. నేను వేసిన కుట్లు ఒకచోట ఆగలేదు, చుక్క చుక్కగా ఆయన భుజం మీద కారుతోంది. ఆయన తల పైకెత్తి ఆ మూలకేసి చూశాడు.

"ఆ మూల మళ్లా కుట్టాల" అన్నాడు.

"గమ్మునుండు. మాట్లాడబాక."

ఊపిరి రంపం కోసినట్టు వినిపిస్తోంది. కాలువ వంతెన ఇంకా రాలేదు. ఉన్నట్టుండి నా చేతి మీద చెయ్యి వేశాడు.

"ఆపు."

"ఆపను."

"శేషా, నాకు తెలస్తా ఉండాది. ఆపి దించు."

"నోరు ముయ్యి. కావలి ఆస్పత్రిలో దిగుదువు గాని."

ఆయన తలుపు తీశాడు. బండి పోతూ ఉండగానే తీశాడు. నేను బ్రేకు తొక్కాను, బండి అడ్డంగా తిరిగి ఆగింది. మామూలు కారయితే పడి తల పగిలేది. ఇది నేలకు అంత దగ్గర కాబట్టి పడలేదు, జారిపోయాడు. కాళ్లు ముందు, నడుము తర్వాత, చివరికి తల. కంకర మీద బురదలో వెల్లకిలా పడుకున్నాడు.

నేను ఇటునుంచి దిగి చుట్టూ పరుగెత్తాను. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. "పట్టు సమాధానం, లోపలికి తొయ్యి" అని అరిచాను. సమాధానం కాళ్లు పట్టాడు. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో.

"లోపల వద్దు. వద్దు శేషా. బండిని చల్లగా ఉండనీ."

నేను ఇంకా లాగుతూనే ఉన్నాను. సమాధానం కాళ్లు వదిలేసి, "అక్కా" అన్నాడు. అప్పుడు చూశాను మొహంకేసి. కళ్లలో వాన పడుతోంది, రెప్ప వేయడం లేదు. తలను ఒళ్లోకి తీసుకున్నాను. సమాధానం పక్కన మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల దేవుడికి ఏదో చెప్పుకున్నాడు. నాకు ఏ దేవుడూ గుర్తు రాలేదు. చెంప మీద ఒక దెబ్బ కొట్టాను ఆయన్ని. బతికున్నప్పుడు ఎన్నడూ కొట్టలేదు.

అంబులెన్సు ఎదురొచ్చింది, వచ్చి ఏం లాభం. అందులో అబ్బాయి దిగి నాడి చూసి, కళ్లు చూసి, లేడమ్మా అన్నాడు. ఆగకుండా పోయి ఉంటే ప్రాణముండగానే మీరు కలిసేవాళ్లేనా అని అడిగాను. "కలిసుందుమేమో తల్లీ. కలిసినా ఏమో, అట్టా చెప్పలేం" అన్నాడు. మంచి పిల్లవాడు, అబద్ధం చెప్పలేదు.

అంబులెన్సులో శవాన్ని ఎక్కించుకోరట. ఇంటికి మేమే తేవాలి. పక్కనే కారు ఉంది, తలుపు తెరిచి ఉంది, సీటు ఖాళీగా ఉంది. నేను ఆ సీటు వైపు చూశాను, సమాధానమూ చూశాడు. అతను రోడ్డుకు అడ్డంగా నిలబడి ఐసు పెట్టెలు మోసుకుపోతున్న రొయ్యల వ్యాను ఆపాడు. పెట్టెలు ఒక పక్కకు నెట్టి మా ఆయన్ని అందులో పడుకోబెట్టారు. సమాధానం ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వ్యాను వెనకాల ఖాళీ బండి తోలుకుంటూ ఇంటికి వచ్చాను. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

వచ్చినవాళ్లు ఏడ్చి కళ్లు తుడుచుకున్నాక ఒకటే ప్రశ్న. బండిలో పోయాడా, కింద పోయాడా. "కిందనే. నేను పక్కనే ఉండా" అని సమాధానం ఒక్కొక్కరికీ విసుక్కోకుండా చెప్పాడు. పొరుగూరి వాళ్లకు కూడా చెప్పాడు. నా మేలు కోరే చెప్పాడు. పదోరోజున చేయాల్సినవన్నీ చేశారు నాకు. ఆ సంగతి చెప్పను.

తర్వాత వచ్చిన ఆదివారం షెడ్డు తలుపు తీసి బ్యాటరీ వైరు తగిలించాను. ఇంజను ఆడుతుంటే దాని ముందు నిలబడి ఆయన్ని తిట్టుకున్నాను. ఎవడు చెప్పాడు నీకు దిగమని, ఎవడు అడిగాడు నిన్ను అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే రబ్బరుకు పౌడరు రాశాను, ఆ మూల మళ్లీ కుట్టాను. ఇంకేం చేయను. ఆ మనిషి నాకోసం ఏమైనా మిగిల్చి పోయాడంటే ఇదొక్కటే. దీన్ని పాడుచేస్తే ఆయన ఆ బురదలో ఊరికే పడుకున్నట్టు.

మాఘమాసం ముహూర్తాలు వచ్చాయి. గిరిబాబు అని దొరవారిసత్రం వైపు మనిషి, కావలిలో మేనల్లుడి పెళ్లి చేస్తున్నాడు, బండి కోసం వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు ఇస్తే తీసుకుని, తాగకుండా పక్కన పెట్టాడు.

"బండిలో కాదంట గదక్కా" అన్నాడు. "మీ పక్కింటాయన చెప్పినాడు."

"కాదు. కిందనే."

"అదే కావాల మాకు. మీ బండి అంటే మా వాడికి పిచ్చి" అని ఊపిరి వదిలాడు. రోజు చెప్పాడు, ఏ వీధులు తిరగాలో చెప్పాడు. నేను వింటూ, ఆ సందు ఇరుకు, అటు వద్దు, బండి తిరగదు అని చెబుతున్నాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకు మామూలుగా వినిపించింది.

"డ్రైవర్ని మేం తెచ్చుకుంటామక్కా" అన్నాడు.

"ఎందుకు? తోలేది నేనే గదా. ఇన్నాళ్లూ నేనే తోలినా."

గిరిబాబు నీళ్ల గ్లాసు వైపు చూశాడు. నాకు అప్పటికీ తట్టలేదు. బండి కిటుకులు వేరేవాళ్లకు తెలియవనీ, నడక మీద పోయేటప్పుడు కాగుతుందనీ చెప్పుకుపోతూనే ఉన్నాను. ఆయన తల ఎత్తలేదు. అప్పుడు నా మాట ఆగిపోయింది.

"బండికి లేని మైల నాకుండాదా?" అని అడిగాను.

"నాదేముందక్కా. ఇంట్లో పెద్దోళ్లు ఒప్పుకోరు. పెళ్లికొడుకు కూచునే బండి..." అని నసిగాడు. "కిరాయిలో ఏం తగ్గించం."

లే, పో అని అనాలి నేను. నోటిదాకా వచ్చింది. మా ఆయన వేళ్లు స్తంభాన్ని పట్టుకోవడం గుర్తొచ్చింది. సరే అన్నాను.

పెళ్లినాడు పొద్దున్నే లేచి తాగే నీళ్లతో బండిని కడిగాను. టాపు మడిచి గుడ్డ కప్పాను. గిరిబాబు ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వాడి చేతిలో తాళం పెట్టి, వేడెక్కితే హీటరు పెట్టుకో, కాళ్లు కాల్తాయి ఓర్చుకో, గుంతల దగ్గర అడ్డంగా ఎక్కించు అని చెప్పాను. వాడు బుద్ధిగా తల ఊపాడు. ఆడవాళ్లు ఇద్దరు బంతిపూల దండలు పట్టుకుని గేటు బయటే నిలబడ్డారు, లోపలికి రాలేదు.

నేను షెడ్డు పక్కనే నిలబడి ఉన్నాను. కుర్రాడు సీట్లో కూర్చున్నాడు గానీ తాళం తిప్పడం లేదు. గిరిబాబు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, తప్పుగా అనుకోబాక. బండి గేటు దాటిందాకా నువ్వు రొంత లోపలుంటే... ఎదురు పడకుండా."

నాకు ఆయన మీద కోపం రాలేదు. గేటు దగ్గరి ఆడవాళ్ల మీదా రాలేదు. చచ్చిన మనిషి మీద వచ్చింది. అంత నొప్పిలో కూడా బండి గురించి ఆలోచించాడు, ఎవరు పిలుస్తారు, ఎవరు పిలవరు, నేను ఏం తింటాను, అన్నీ ఆలోచించాడు. నన్ను బతికించాలని నా ఒళ్లోంచి కూడా దిగిపోయేవాడే. తాను పోతే నేను ఏమవుతానో ఈ ఒక్కటీ ఆయనకు తట్టలేదు. తిడుతూ వేళ్లు విడదీసిన నాకూ తట్టలేదు. తట్టి ఉంటే చెప్పేదాన్ని, ఒరే పిచ్చివాడా, పోయేదేదో బండిలోనే పో, నా పక్కనే పో అని.

లోపలికి పోయాను. గడప దాటాక వెనక్కి తిరిగేసరికి, గిరిబాబే బయటి నుంచి తలుపు దగ్గరికి లాగుతున్నాడు.